లాకులో ఉండిపోయిన నూట నలభై బొమ్మలు

ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన చెట్లన్నీ దేవదారు చెట్లే. కరీంనగర్‌లో ఇల్లు గీసి, దాని పక్కన మంచుకొండల మీద పెరిగే చెట్టును నిలబెట్టమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకూ మండింది. చెట్లతోనే ఆగితే ఊరుకునేవాణ్ని. స్నానాల గదిలో పెట్టడానికి మనిషి వెల్లకిలా పడుకునే తొట్టి బొమ్మ ఉంది, నీళ్ల గోలెం పెట్టుకునే గద్దె లేదు. రెండు కార్లు పట్టే షెడ్డు ఉంది, రెండు బర్లను కట్టేసే కొట్టం లేదు. సోఫాలు ఏడు రకాలున్నాయి, నవారు మంచం ఒక్కటి లేదు. ఇంట్లో దేవుడి గది, మా మాటలో దేవునర్ర, అనేది ఒకటుంటుందని ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇది తొంభైల మొదట్లో సంగతి. కరీంనగర్‌లో ఒక ఇంజనీరు సారు ఆఫీసులో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇండ్ల ప్లాన్లు గీయడం నా పని. అప్పటికి పదిహేనేండ్లకు పైగా చేత్తో గీశాను. ట్రేసింగ్ కాగితం, టీ-స్క్వేర్, సిరా పెన్ను, ఇంతే నా సామాను. తప్పు గీత పడితే సగం విరిచిన బ్లేడుతో, కాగితం చిరగకుండా సిరా గోకడం నాకు వచ్చినంత బాగా జిల్లాలో ఇంకెవరికీ రాదని నా నమ్మకం. దాన్ని గొప్పగా చెప్పుకునేవాణ్ని కూడా. ఒకరోజు మా సారు కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టించి, "ఇగ గోకుడు బంద్. గీదాంట్ల తప్పు వోతే ఒక్క మీట కొడితె మాయమైతది" అన్నారు. మాట నిజమే, తప్పు మాయమవుతుంది. ఒప్పు కూడా అంతే సులువుగా మాయమవుతుందని మా ఇద్దరికీ అప్పుడు తెలియదు.

కంప్యూటర్‌తో పాటు హైదరాబాద్ ఏజెంటు ఒక లాకు ఇచ్చాడు. తాళంకప్ప లాంటిది కాదు, అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క. ప్రింటర్ తీగ పెట్టే చోట దాన్ని గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. తీసేస్తే తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి, నువ్వెవరని అడిగినట్టే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ కాపీ చేసుకోకుండా కంపెనీ పెట్టుకున్న కాపలా అది. మా సారు సాయంత్రం కాగానే లాకు పీకి, చేతిరుమాల్లో చుట్టి, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసేవారు. "కంప్యూటర్ వోయినా ఫికర్ లేదు. గిది మాత్రం పోవద్దు" అని రోజూ ఒకసారి అనేవారు. నాకు ఆ బీరువాను చూస్తే చిరాకు. పొద్దున సారు పదకొండింటికి వస్తే నా పని పదకొండింటికే మొదలయ్యేది. చేత్తో గీసే రోజుల్లో నా టీ-స్క్వేర్‌ను బీరువాలో పెట్టి తాళం వేసినవాడు లేడు.

మొదటి ప్లాను గల్ఫ్‌లో పనిచేసే ఒకాయన ఇంటిది. అచ్చు వేసి చూస్తే గీతలన్నీ దారం పట్టినట్టు నిక్కచ్చిగా ఉన్నాయి. మురిసిపోయాను. వారం తిరగక ముందే ఆ ఇల్లు కట్టే మేస్త్రీ కాగితం చుట్ట చంకలో పెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. నా కంటే పెద్దవాడు, నేను చేత్తో గీసిన ఇండ్లు ఎన్నో కట్టినవాడు. కుర్చీలో కూర్చోకుండా కాగితాన్ని నా బల్ల మీద పరిచాడు.

"గిదేంది సారూ, గీ కొలతలు ఏడికెళ్లి మొదలువెట్టిన్రు?"

"ఎడమ దిక్కు మూలకెళ్లి," అన్నాను.

"మూలతోని నాకేం పని? దర్వాజ నిలవెట్టి నాలుగొద్దులాయె. దర్వాజ నడిమికెళ్లి ఎంతనో చెప్పున్రి. మూల అదే వస్తది."

ఆయన అన్నది అక్షరాలా సరైనదే. మా దగ్గర పునాది నిండగానే ముహూర్తం చూసి ముందు సింహద్వారం చట్రాన్ని నిలబెడతారు. పసుపు, కుంకుమ, మామిడాకులు అన్నీ దానికే. ఇక అక్కడి నుంచి మేస్త్రీకి లోకంలో ఏ కొలతైనా ఆ దర్వాజ నడిమి నుంచే. కుడివైపు అర్రకు ఎంత, ఎడమవైపు వంటింటికి ఎంత, ఎదురుగా వెనక దర్వాజకు ఎంత అని చూసుకుంటాడు. చేత్తో గీసినన్నాళ్లూ నేను కూడా అట్లాగే కొలతలు రాశాను. కంప్యూటర్ ముందు కూర్చోగానే బుద్ధి ఎక్కడో పెట్టి, అది చెప్పినట్టు కింది మూలను సున్నా చేసి అక్కడి నుంచి రాశాను. మేస్త్రీ లెక్క తప్పి ఒక గోడను జానెడు పక్కకు లేపాడు. ఆ గోడ కూలగొట్టి మళ్లీ కట్టాల్సి వచ్చింది. నన్ను ఆయన ఏమీ అనలేదు. "మిషన్‌కు తెల్వకుంటె తెల్వకపాయె, మీకు తెల్సు గదా" అని మాత్రం అన్నాడు. ఆ మాట తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

ఆ కోపంతోనే బొమ్మలు మొదలుపెట్టాను. కంప్యూటర్‌లో ఒక వస్తువును ఒకసారి గీసి దాచుకుంటే, ఆ తర్వాత ఏ ప్లానులోనైనా కావలసిన చోట పెట్టుకోవచ్చు. దాచేటప్పుడు ఆ బొమ్మను ఎక్కడ పట్టుకుని పెట్టాలో ఒక చుక్క చూపించాలి. కంపెనీ బొమ్మలన్నిటికీ ఆ చుక్క మూలలోనే ఉంది. నేను నా బొమ్మలకు మేస్త్రీ ఎక్కడ టేపు ఆనిస్తాడో అక్కడ పెట్టాను. బొమ్మ పెట్టగానే దర్వాజ నడిమి నుంచి దానికి ఎంత దూరమో పక్కనే కొలత వచ్చి కూర్చునేలా చేశాను. దీనికి సాఫ్ట్‌వేర్ లోపల చిన్న చిన్న ఆదేశాలు రాయాల్సి వచ్చింది. నేర్పేవాళ్లు లేరు. ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని, పేజీకి రెండు రోజుల చొప్పున చదివాను. పొరల కిటుకు కూడా అప్పుడే పట్టాను. ఒకే ప్లానులో గోడలు ఒక పొర, కరెంటు ఒక పొర, వాస్తు గుర్తులు ఒక పొర. మున్సిపాలిటీకి ఇచ్చే కాగితంలో వాస్తు పొరను ఆర్పేసేవాణ్ని, ఇంటాయనకు ఇచ్చేదాంట్లో వెలిగించేవాణ్ని. ఇద్దరూ సంతోషంగా సంతకాలు పెట్టేవారు.

మూడేండ్లు పట్టింది. సారు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు, ఆదివారాలు బతిమాలి బీరువా తీయించుకుని గీశాను. ఊహించి గీసింది ఒక్కటి లేదు. చొక్కా జేబులో ఎప్పుడూ టేపు ఉండేది. మందమర్రిలో గని కార్మికుల క్వార్టర్‌కు చుట్టంగా పోయి, వాళ్లు వెనక జాగాలో వేసుకున్న కోళ్ల గూడును కొలిచాను. చెన్నూరులో మా వైపు వాళ్ల పెండ్లికి పోయి, వడ్లు పోసే గుమ్మి చుట్టూ టేపు తిప్పుతుంటే మా ఆవిడ అందరి ముందే అడిగింది.

"పెండ్లికి వచ్చినవా, కొలువనీకి వచ్చినవా?"

అందరూ నవ్వారు. నేను గుమ్మి ఎత్తు రాసుకుని పోయి బంతిలో కూర్చున్నాను. గోలెం గద్దె, నీళ్లు పోసుకునే జాలారు, సామాను దాచే అటుక, ఇంటి ముందు నీడకు దించే రేకుల సాయబాను, తులసి గద్దె, వేపచెట్టు, బట్టల బండ, మొత్తం నూట నలభై బొమ్మలయ్యాయి. వాటితో ప్లాను గీస్తే మేస్త్రీలు ప్రశ్న అడగకుండా కట్టుకుపోయేవారు. గోడ జరిగిందని వచ్చిన ఆ పెద్ద మేస్త్రీయే, వేరే ఆఫీసులో ప్లాను గీయించుకున్నవాళ్లను కూడా "గా సారు కాడ గీయించుకరా పో" అని మా దగ్గరికి తోలేవాడు. నా జీవితంలో నేను చేసిన పని ఏదంటే ఆ నూట నలభై బొమ్మలే. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.

అట్లాంటి రోజుల్లో ఆదిలాబాద్ నుంచి ఒక మేడం వచ్చింది. అక్కడ ఒక చిన్న శిక్షణ కేంద్రంలో డ్రాయింగు నేర్పుతుంది. వాళ్లకూ ఒక కంప్యూటర్ వచ్చిందట. ఆఫీసుల్లో ఎట్లా వాడుతున్నారో చూపిద్దామని తన దగ్గర నేర్చుకునే పదిమందిని బస్సులో తీసుకొచ్చింది. నేను ఉత్సాహంగా అన్నీ చూపించాను. బొమ్మ పెట్టగానే దర్వాజ నుంచి కొలత రావడం చూసి మేడం కుర్చీ ముందుకు జరుపుకుంది. ఇంకోసారి చూపించమంది. మూడోసారి కూడా అడిగింది. నాకు కడుపు నిండిపోయింది.

"మీ దాంట్లో ఏమేం బొమ్మలున్నాయి మేడం?" అని అడిగాను.

"మా దాంట్ల అసలు బొమ్మలే లెవ్వన్నా. ఎవరో రాసి ఊరికే పంచిన ప్రోగ్రాం మాది. ఒక్క ఫ్లాపీల పడుతది. లాకు లేదు. లోపల ఎట్ల రాసిన్రో గా రాత సుత అండ్లనే ఉన్నది. మనకు తగ్గట్టు మార్చుకోవచ్చు, మార్చింది ఇంకొకరికి ఇయ్యొచ్చు."

ఊరికే పంచిన ప్రోగ్రాం అనగానే నాకు నవ్వు వచ్చింది. దాచుకోలేదు కూడా. మా సారు లాకును రుమాల్లో చుట్టి బీరువాలో పెట్టేంత విలువైన సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాణ్ని. ఆ లాకును తిట్టుకునే నేనే, బయటివాళ్ల ముందు దాన్ని చూసుకుని గర్వపడ్డాను.

మేడం అడగాలనుకున్నది అప్పుడు అడిగింది. "గీ బొమ్మలు మాకు ఇస్తరా అన్నా? మీ సాఫ్ట్‌వేర్ల బొమ్మను అక్షరాల ఫైలుగ తీసే మీట ఒకటుంటది. గట్ల తీస్తే ఏ గీత ఏడ మొదలు, ఏడ ఆఖరు అనేది అంకెల్ల కనబడుతది. మా ప్రోగ్రాం దాన్ని చదువుతది. మా పోరగాండ్లు గివి చూసి నేర్చుకుంటరు."

ఆ మీట సంగతి నాకు తెలుసు. నొక్కితే ఏమవుతుందో కూడా తెలుసు. మూడేండ్ల నా చేతి పని ఎవరైనా చదువుకోగల అంకెల కుప్ప అయిపోతుంది.

"ఇయ్య మేడం," అన్నాను. "కోపం చేసుకోకున్రి. గివి నేను ఒక్కొక్క ఇంటికి తిరిగి కొలిసి గీసినయి. మీ పదిమంది తీస్కపోతరు, వాళ్లు ఇంకో పదిమందికిస్తరు. రేపు గల్లీకొకరు దుకాణం వెట్టి నా బొమ్మలతోనే గీస్తె నా సారుకు నాతోనేం పని?"

"ఇస్తే మీ దగ్గర తక్కువైతయా?"

"బొమ్మలు తక్కువ కావు. నేను తక్కువైత."

ఆ మాట ఇప్పటికీ తప్పని అనుకోను. బొమ్మలు గీసినవాడికి బొమ్మలే అన్నం. ఊరికే పంచాలనేవాళ్లు నెలకు జీతం వచ్చే చోట కూర్చుని చెబుతారని నాకు అప్పుడు కోపం, ఇప్పుడూ కొంచెం ఉంది. మేడం లేచింది. తన పదిమంది వైపు తిరిగి, "సారు వద్దంటున్నడు. ఎవ్వరు ఏం ముట్టకున్రి" అని గట్టిగా చెప్పింది. పోతూ పోతూ నాతో ఇంకో మాట అంది.

"మాకు ఇయ్యకున్రి గని, గా అక్షరాల ఫైలు ఒక్కటి తీసి మీ దగ్గరన్న పెట్టుకోన్రి అన్నా. గా కంపెనీ మీద గంత భరోస వద్దు."

మీద పడి సలహా ఇచ్చినట్టు అనిపించింది. నా బొమ్మలను ఎట్లా దాచుకోవాలో ఈమె నాకు చెప్పాలా? వాళ్ల బస్సు కదిలిన గంటలోనే నూట నలభై బొమ్మలనూ కంపెనీ వాళ్ల సొంత పద్ధతిలో ఒకే కట్టగా కట్టి, పైన సంకేత పదం కూడా వేశాను. విడివిడిగా ఉన్న పాత ఫైళ్లను తుడిచేశాను. కట్ట ఫైలును ఐదు ఫ్లాపీల్లోకి ఎక్కించి, రెండు జతలు చేశాను. ఒక జత ఆఫీసులో, ఒక జత ఇంట్లో. అంతకంటే భద్రం ఇంకేముంటుంది? నన్ను నేను మెచ్చుకుంటూ ఇంటికి పోయాను.

తర్వాతి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. మూడోసారి వచ్చినప్పుడు బల్బులు తెల్లగా వెలిగి పేలాయి. కంప్యూటర్ వెనక నుంచి కాలిన వాసన వచ్చింది. మా సారు పరుగున వచ్చి లాకు పీకారు. అది వేడికి ఒక పక్క మెత్తబడి ఉంది. కంప్యూటర్‌ను నాలుగు రోజుల్లో బాగు చేయించాం. లాకు మాత్రం బాగు చేసే వస్తువు కాదట.

హైదరాబాద్ ఏజెంటుకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. అతని మాట చాలా మర్యాదగా ఉంటుంది. ఆ మర్యాద వింటే రక్తపోటు పెరుగుతుంది.

"ఆ కంపెనీ ఇప్పుడు లేదు సార్. దాన్ని వేరే కంపెనీ కొనేసింది. వాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ ఆపేశారు. పాత లాకులు ఇవ్వడం లేదు. మీరు వాళ్ల కొత్తది తీసుకోవచ్చు."

"కొత్తదాంట్ల నా పాత బొమ్మలు తెరుచుకుంటయా?"

"తెరుచుకోవు సార్. ఆ పద్ధతి వేరు. మళ్లీ గీసుకోవాల్సిందే."

"మళ్ల గీసుకోవాల్నా? మూడేండ్ల పని! ఫైళ్లు నా దగ్గర్నే ఉన్నయి, ఒక్క అక్షరం చెడలే. తెరువనీకి ఒక లాకు ఇయ్యుమంటున్న, అంతే గదా!"

"ఫైళ్లు మీవే సార్. మేమేం తీసుకోలేదు," అన్నాడు.

బూత్‌లో నుంచి బయటికి వచ్చాక కూడా ఆ మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. నిజంగానే వాళ్లు ఏమీ తీసుకోలేదు. నా ఐదు ఫ్లాపీలు నా చేతిలోనే ఉన్నాయి. పెట్టగానే కంప్యూటర్ వాటిని చదివి ఫైలు పేరు చూపిస్తుంది, సైజు చూపిస్తుంది, నేను చివరిసారి దాచిన తేదీ కూడా చూపిస్తుంది. తెరువమంటే మాత్రం లాకు ఏదని అడుగుతుంది. వేరే పద్ధతిలో తెరిచి చూస్తే తెర నిండా పిచ్చి గుర్తులు. ఆ గుర్తుల్లోనే ఎక్కడో చెన్నూరు గుమ్మి ఉంది, మందమర్రి కోళ్ల గూడు ఉంది. నాకు అవి కనబడవు.

కొన్న కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ మా సారు పేరు మీద ఉంది కాబట్టి నాకు అడిగే హక్కు లేదని, సారు అడిగినా తాము చేయగలిగింది ఏమీ లేదని రెండు వాక్యాల్లో రాశారు. గీసిన చెయ్యి నాది అన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా పట్టదు. కోపంతో దాన్ని నలిపి పారేశాను. తర్వాత ఏరి తెచ్చి సాపు చేసి పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు.

ఇంతలో మా సారుకు ఒక కాలనీ పని వచ్చింది. ముప్పై ఇండ్లు, ఒక్కొక్కటి ఒక్కో తీరు, ఇరవై రోజుల గడువు. నా బొమ్మలుంటే అది పెద్ద పనే కాదు. టీ-స్క్వేర్ దుమ్ము దులిపి మళ్లీ చేత్తో గీయడానికి కూర్చున్నాను. చెయ్యి మాట వినలేదు. బ్లేడుతో గోకితే కాగితం చిరిగింది. జిల్లాలో నా అంత బాగా గోకేవాడు లేడన్నది కూడా ఇప్పుడు అబద్ధమై కూర్చుంది. సారు వెనక నిలబడి చూసి, "గిట్లయితె కాదు. హైదరాబాద్‌ల ఇంకొకరికి ఇచ్చేస్త. నువ్వు పరేషాన్ గాకు" అన్నారు. ఆ ఓదార్పు నన్ను ఇంకా కుంగదీసింది.

మర్నాడు పొద్దున ఆదిలాబాద్ బస్సు ఎక్కాను. ఎందుకు ఎక్కానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ రోజు ఆఫీసుకు వచ్చిన పదిమందిలో ఎవడో ఒకడు, మేడం వద్దన్నా, నేను నీళ్లు తాగడానికి లేచినప్పుడో ఎప్పుడో, నా బొమ్మలను ఫ్లాపీలోకి అక్షరాల రూపంలో లాగి ఉంటాడని ఆశ. సోన్ వంతెన మీద గోదావరి దాటుతున్నప్పుడు కూడా దేవుణ్ని అదే కోరుకున్నాను. నా సొత్తును ఎవరైనా దొంగిలించి ఉండాలని మొక్కుకున్నవాణ్ని నేనొక్కణ్నే కావచ్చు. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే, దొరికినవాణ్ని తిట్టాలా, కావలించుకోవాలా అని ఆలోచించాను.

మేడం నన్ను చూసి ఆశ్చర్యపోయింది కానీ చాయ్ తెప్పించింది. జరిగిందంతా చెప్పాను. లాకు కాలడం, ఏజెంటు మాట, సంకేత పదం, అన్నీ చెప్పాను. ఆమె సలహా మీద కోపంతోనే కట్ట కట్టానన్నది కూడా దాచలేదు. చివరికి అసలు సంగతి అడిగాను.

"ఆ పూట మీవాళ్లు ఎవరన్న కాపీ తీసిన్రేమో జర అడుగున్రి మేడం. నేనేమనను. దేవుని కసం, ఒక్క మాటన."

మేడం తల అడ్డంగా ఊపింది. "లేదన్నా. మీరు వద్దన్నరు గదా. ఎవ్వరు ముట్టలే" అంది.

చాయ్ గ్లాసు కింద పెట్టాను. వాళ్ల నిజాయితీ మీద నాకు అంత కోపం వచ్చింది. పదిమందిలో ఒక్కడు కూడా దొంగ కాకపోవడం ఏమిటి!

"మీరు ఇయ్యనన్నంక మావాళ్లు ఊకోలే. టేపు పట్టుకొని ఊళ్లు తిరిగిన్రు. చూస్తరా?" అంటూ ఆమె నన్ను కంప్యూటర్ గదిలోకి తీసుకెళ్లింది.

చూశాను. రెండు వందలు దాటి ఉన్నాయి. దర్వాజ నడిమి నుంచి కొలతలు వాళ్లూ రాబట్టారు. నా పద్ధతి కాదు, వాళ్లే వేరేగా దారి కనిపెట్టారు. ఇక్కడి ఊళ్లలో పత్తి పోసుకునే అర్ర ఉంది, గోండు ఇండ్ల ముందు మట్టి అరుగు ఉంది. నేను ఎన్నడూ చూడనివి, కొలవనివి కూడా ఉన్నాయి. కొన్ని గీతలు వంకరగా ఉన్నాయి, కొన్ని నా వాటికంటే బాగున్నాయి. బాగున్న వాటిని రెండోసారి తెరిపించి చూశాను. బాధ అనండి, అసూయ అనండి, రెండూ ఉన్నాయి.

"తీస్కపోన్రి అన్నా. ప్రోగ్రాం సుత ఇస్త. లాకు లేదు, ఎవ్వరిని అడిగే పని లేదు," అంది మేడం. నేను ఇయ్యనన్న రోజు ఆమెకు గుర్తు లేకపోవడం అసాధ్యం. ఒక్క మాట దెప్పినా నాకు తేలికగా ఉండేది. దెప్పలేదు.

ఫ్లాపీలోకి ఎక్కించే ముందు ఒక్కొక్క బొమ్మా తెరిచి చూస్తూ పోయాను. మెట్ల బొమ్మ దగ్గర ఆగాను. పన్నెండు మెట్లు, ఎక్కుతూ ఎడమకు తిరుగుతున్నాయి.

"ఇది తప్పు," అన్నాను. చాలా రోజుల తర్వాత నా గొంతు నాకు నచ్చింది.

దాన్ని గీసిన అమ్మాయి అక్కడే ఉంది. శిక్షణలో కొత్తగా చేరిందట. "ఎందుకు తప్పు సార్? నేను కొలిసే గీసిన" అంది.

"ఏడ కొలిసినవ్?"

"గీ మన సెంటర్ మెట్లే."

"సెంటర్‌కు నడుస్తది బిడ్డా, ఇంటికి నడువది. పన్నెండు మెట్లు వెడితె ఏ ఇంటాయన ఒప్పుకోడు. వాస్తుకు బేసి ఉండాలె. మెట్టెక్కంగ కుడి చేతికి తిరగాలె. లేకుంటె మేస్త్రీ కట్టినంక ముసలవ్వ వచ్చి కూలగొట్టిస్తది."

గదిలో అందరూ నవ్వారు. ఆ అమ్మాయి మూతి ముడుచుకుంది, అయినా లేచి నాకు కుర్చీ ఇచ్చింది. పదమూడు మెట్లు చేశాను. కుడికి తిప్పాను. ఎక్కే దిక్కు చూపించే బాణం సరిచేశాను. పావుగంట పని. బొమ్మను వాళ్ల కట్టలోనే మళ్లీ దాచాను.

వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. బొమ్మలతో పాటు ఒక జాబితా ఉంటుంది. ఎవరు ఏది గీశారో, ఎవరు ఏది సరిచేశారో అందులో రాస్తారు. ఆ జాబితా కూడా ప్రతి ఫ్లాపీలోకీ ఎక్కుతుంది. బొమ్మలు ఎంత దూరం పోతే పేర్లూ అంత దూరం పోతాయి. నా నూట నలభై బొమ్మలతో కట్టిన ఇండ్లు కరీంనగర్ చుట్టూ ఎన్ని ఉన్నాయో. వాటి మీద సారు ముద్ర ఉంది, కంపెనీ గుర్తు ఉంది. నా పేరు ఒక్క కాగితం మీద కూడా లేదు.

ఆ అమ్మాయి నన్ను పేరు అడిగి, జాబితాలో ఒక కొత్త వరుసలో కొట్టింది. పేరుకు ఎదురుగా 'మెట్లు, సరిచేసినది' అని రాసింది. ఇంకో వరుస కోసం ఆగి, మీట మీద వేలు అట్లాగే పెట్టుకుని నా వైపు తిరిగింది. ఆమెకు నా సంగతి ఏమీ తెలియదు.

"మీరు గీసినయి ఇంకేమన్న ఉన్నయా సార్?"

"లెవ్వు," అన్నాను.